పసిబిడ్డకు జాగు చేయరాని ఘడియ

మన దేశమున శిశుమరణములు మునుపటికంటె తగ్గినవనుట నిర్వివాదము. 2020 సంవత్సరపు నమూనా నమోదు లెక్కలను బట్టి ప్రతి వేయి జననములకు దేశమందు 28 మందియు, ఆంధ్రప్రదేశమందు 24 మందియు శిశువులు ఏడాది నిండకయే గతించిరి. స్వాతంత్ర్యము వచ్చిన తొలినాళ్ళలో దేశమున ఈ సంఖ్య నూటికి పైబడి యుండెను. ఈ మార్పునకు సంతోషింపనివా రుండరు. కాని ఆ లెక్కలలోనే మరియొక అంకె గలదు. దేశమున గతించిన ఆ 28 మందిలో 20 మంది పుట్టిన నాలుగు వారములలోపలనే గతించిరి. బారసాల, ఉయ్యాల వేడుకలు జరుగవలసిన నెలలోనే ఇన్ని యిండ్ల దీపము లారిపోవుచున్నవి.

ఈ నెల దినములు బిడ్డ వైద్యుని కంటి యెదుట నుండదు. కాన్పు ఆసుపత్రిలోనే జరిగినను రెండుమూడు దినములకే తల్లియు బిడ్డయు ఇల్లు చేరుదురు. కావున బిడ్డకు జబ్బు చేసినపుడు మొదటి తీర్పు చెప్పవలసినది వైద్యుడు కాడు, ఇల్లు. ఇది తెల్లవారువరకు ఆగదగిన జబ్బా, ఈ క్షణమే బయలుదేరవలసిన జబ్బా యన్న ప్రశ్నకు ప్రత్యుత్తరము అర్ధరాత్రివేళ గుడ్డి వెలుతురులో చెప్పవలసి యుండును. ఆ తీర్పు చెప్పుటకు మన యిండ్లకు తగిన జ్ఞానమును, తగిన అధికారమును కలవా యనునదే మా విచారము.

మొదట జ్ఞానమును గూర్చి చెప్పెదము. జ్వరము కాచిననే జబ్బు, బిడ్డ గుక్కపెట్టి యేడ్చిననే ప్రమాదము అని మనలో పెక్కుమంది నమ్మకము. రెండు నెలలు నిండని పసికందు విషయమున ఈ నమ్మకము ప్రాణాంతకము. రక్తమున విషము వ్యాపించిన పసిబిడ్డకు ఒడలు కాగుటకు మారుగా చల్లబడవచ్చును. ఏడ్చుటకు మారుగా మిన్నకుండవచ్చును. ఇంటివారు "బిడ్డ బుద్ధిగా నిద్రపోవుచున్నది" అని తృప్తి పడుచుండగా ఆ బిడ్డ పాలు త్రాగుటకు లేవలేని స్థితిలో నుండవచ్చును. గుక్కపెట్టి యేడ్చు బిడ్డకంటె ఏడువలేని బిడ్డను గూర్చియే ఎక్కువ భయపడవలెను.

వైద్యశాస్త్రము ఈ వయసు బిడ్డలకు నిర్ణయించిన ప్రమాద చిహ్నములు కొలదిగనే యున్నవి. అక్షరజ్ఞానము లేనివారికి సైతము అర్థమగునవి. బిడ్డ రొమ్ము పట్టుట మానుట, లేక బాగుగా చప్పరింపలేకపోవుట, మూర్ఛ వచ్చుట, నిమిషమునకు 60 సారులు గాని అంతకు మించి గాని ఊపిరి తీయుట, ఊపిరి తీయునపుడు డొక్కలు లోనికి గట్టిగా ఈడ్చుకొనిపోవుట, చంకలో ఉష్ణమాపకము పెట్టినపుడు 37.5 డిగ్రీలుగాని అంతకు మించిగాని, లేక 35.5కు తక్కువగాని యుండుట; తట్టి లేపిననే తప్ప కాలుసేతులు కదపకపోవుట. వీనిలో ఏ ఒక్కటి కనబడినను బిడ్డను తత్క్షణమే ఆసుపత్రికి చేర్చవలెను. రెండవది కనబడువరకు వేచియుండరాదు. పుట్టిన మొదటి దినముననే కామెర కనబడినను, తరువాత అరచేతులకు, అరికాళ్ళకు పసుపు దిగినను అట్లే చేయవలెను.

రెండు నెలలు దాటిన బిడ్డకు లెక్క కొంత మారును. ఏడాది నిండువరకు నిమిషమునకు 50 ఊపిరులు హద్దు. ఏడాది దాటిన పిదప అయిదేండ్ల వరకు 40. బిడ్డ యేడువక నిమ్మళముగా నున్నపుడు గడియారము చూచుచు నిండు నిమిషము లెక్కింపవలెను. ఏమియు త్రాగలేకపోవుట, త్రాగినదెల్ల కక్కుట, మూర్ఛ, మగతలో పడియుండుట ఈ వయసున ప్రధాన చిహ్నములు. విరేచనములయందు కన్నులు లోతుకు పోయి, పొట్టపై చర్మము గిల్లి విడిచినచో మెల్లగా సర్దుకొనుచున్నచో ఒంటిలోని నీరు తరిగినదని యర్థము. 1971లో బంగ్లా శరణార్థుల శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెరలు కలిపిన నీటితోనే వేలమందిని కాపాడగలమని రుజువు చేసెను. నేడు ఆ పొట్లము ప్రతి ఉపకేంద్రమునను ఉండదగినది. దానితో పాటు జింకు మాత్రలు 14 దినములు ఇవ్వవలెను. త్రాగగల బిడ్డకు ఇది అమృతము. త్రాగలేని బిడ్డకు ఆసుపత్రియే శరణ్యము.

ఇంత చెప్పితిమని ప్రతి తుమ్మునకు పరుగెత్తుమనుట మా యభిప్రాయము కాదు. పాలు త్రాగిన పిదప కొంచెము కక్కుట, చనుబాలు త్రాగు బిడ్డ దినమునకు పలుమారులు పసుపుపచ్చగా విరేచనమగుట, ముక్కు దిబ్బడ వేసినను ఎప్పటివలె పాలు పట్టుట, ఇవి సాధారణములు. బిడ్డ పాలు పట్టుచు, కన్ను తెరచి చూచుచు, ఒంటికి మామూలు వెచ్చదనము కలిగియున్నచో తెల్లవారి చూపించుకొనవచ్చును. ఈ భేదము తెలిసిననే గాని భయము తగ్గదు. భయము తగ్గిననే గాని తీర్పు సరిగా నుండదు.

ఇక అధికారమును గూర్చి. బిడ్డలో మార్పును మొదట గుర్తించునది తల్లి. కాని పచ్చి బాలెంతరాలి మాటకు ఇంట విలువ తక్కువ. అత్తగారు దిష్టి యనును. మామగారు తెల్లవారనీ యనును. భర్త పనికి పోయియుండును. వీధిలోని అరకొర వైద్యుడు ఒక సూది పొడిచి పంపును. ఈలోపల గంటలు గడచిపోవును. మేము పెద్దలను నిందింపము. పదిమందిని పెంచిన అమ్మమ్మ చేతిస్పర్శకు తెలిసినది పుస్తకములకును అందదు. బిడ్డ చల్లబడినదని మొదట కనిపెట్టునది పెక్కుసారులు ఆమెయే. దిష్టి తీయుటకు అరనిమిషము పట్టును; తీసిన పిదప బయలుదేరినచో చేటు లేదు. చేటంతయు దిష్టి తీసి ఊరకుండుటలో నున్నది. వాతలు పెట్టుట, ఆముదము పోయుట, ముక్కులో నూనె వేయుట, ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించుట మాత్రము మానవలసినవే.

తీర్పు చెప్పిన పిదప దారి మాట వచ్చును. బందరున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. గుడివాడనుండి బెజవాడకు రైలును, రోడ్డును కలవు. కాని అవనిగడ్డ, మోపిదేవి, నాగాయలంక, కోడూరు ప్రాంతములతో కూడిన దివిసీమ కృష్ణ పాయల నడుమ, సముద్రపు టొడ్డున నున్నది. నాగాయలంక కావలి యెదురుమొండి దీవివారు ఎంతోకాలముగా పంటునే నమ్ముకొని బ్రతికిరి. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో వేలాదిమంది ప్రాణములు కోల్పోయిన సీమ యిది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బరాజు నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించి నీరు దిగువకు వచ్చినపుడు లంకలవారు పడిన యిక్కట్లు మరువరానివి. బస్తీవానికి పది నిమిషములు జాగైన పదినిమిషములే జాగు. లంకవానికి పంటు తప్పినచో రాత్రియంతయు జాగు. కావున దూరమున్నవారు ముందుగా బయలుదేరవలెను. దారిలో బిడ్డను తల్లి రొమ్ముకు ఒంటికి ఒళ్ళు తగులునట్లు హత్తుకొని, పైన గుడ్డ కప్పి, మింగగలిగినచో పాలిచ్చుచు తీసికొనిపోవలెను. చల్లబడిన బిడ్డ దారిలోనే చేజారుట అరుదు కాదు.

ఇది సాధ్యమా యని సందేహించువారికి మహారాష్ట్రమందలి గడ్చిరోలి నిదర్శనము. అచ్చట అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లెటూరి స్త్రీలకే శిక్షణ మిచ్చి, పసికందులను ఇంటియొద్దనే కనిపెట్టి చూచు పద్ధతి నెలకొల్పిరి. ఆ పల్లెలలో నవజాత శిశుమరణములు 62 పాళ్ళు తగ్గినవని 1999లో వారు ప్రకటించిరి. 2011 నుండి ఆ పద్ధతియే దేశమంతట ఆశా కార్యకర్తల ద్వారా అమలునకు వచ్చినది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను ఆమె 3, 7, 14, 21, 28, 42 దినములలో చూడవలెను. పెద్దాసుపత్రికి పోలేనివారికి ఏ.ఎన్.ఎం. జెంటామైసిన్ సూది వేయవచ్చునని 2014లో కేంద్రము అనుమతించెను. 108 బండి 2005 నుండి మన రాష్ట్రమున తిరుగుచున్నది. పథకములకు కొదువ లేదు.

కావున మేము కొత్త పథకము కోరము. ఉన్నవానిని దివిసీమ కొలతతో కొలువుడని కోరుచున్నాము. మొదటిది, తల్లిని ఇంటికి పంపునపుడు పై చిహ్నములను ఆమెకు మాత్రమే కాక భర్తకును అత్తగారికిని కూడ చెప్పి, వారిచే తిరిగి చెప్పించవలెను. రెండవది, ఆశా కార్యకర్త సంచిలో ఉష్ణమాపకమును, గడియారమును పనిచేయుచున్నవో లేదో వైద్యాధికారి నెలకొకసారి చూడవలెను. ఆమె ఆరు దర్శనములు కాగితముమీద కాక గడపలో జరుగవలెను. మూడవది, రేవు దాటవలసిన ఊళ్ళకు రాత్రివేళ పడవయు, సరంగును సిద్ధముగా నుండవలెను. బిడ్డ బయలుదేరినదన్న వార్త ఆసుపత్రికి ముందే అందవలెను. నాలుగవది, జబ్బు లేదని తేలిన బిడ్డను తెచ్చిన తల్లిని ఏ వైద్యుడును కసురుకొనరాదు. ఒకసారి చీవాట్లు తిన్న తల్లి రెండవసారి అర్ధరాత్రి గడప దాటదు.

ప్రభుత్వము చేయవలసినది ఇది. ఇంటివారు చేయవలసినది అంతకంటె సులభము, అంతకంటె కష్టము. తల్లి "బిడ్డ ఎప్పటివలె లేదు, పాలు పట్టుట లేదు" అన్ననాడు కారణ మడుగక బండిని పిలువవలెను. ఆ మాట పొరపాటని తేలినచో పోవునది ఒక రాత్రి నిద్ర. ఆ మాట నిజమైనచో నిలుచునది ఒక ప్రాణము. మన యిండ్లలోని పెద్దలు ఈ లెక్క గ్రహింతురని మా విశ్వాసము.