బొమ్మ బాగుంది... మరి దుమ్మో?

కుట్టుమిషన్‌ సూది పైకీ కిందికీ ఎలా ఆడుతుందో చూశారుగా? అచ్చం అలాగే ఆడే రంపం ఒకటుంది. పేరు స్క్రోల్‌ సా. బ్లేడు పొడవు అయిదు అంగుళాలు. వెడల్పు అగ్గిపుల్లంత కూడా ఉండదు. దాని ముందు కూర్చుని, గుడ్డను తిప్పినట్టే చెక్క పలకను రెండు చేతులతో తిప్పుతూ పోతే పైన అతికించిన కాగితం మీది బొమ్మ చెక్కలోకి దిగుతుంది. మధ్యలో ఖాళీలు రావాలంటే చిన్న బెజ్జం వేసి, బ్లేడు ఒక కొసను విప్పి, అందులోంచి దూర్చి మళ్లీ బిగిస్తారు. పేరు పలకలు, పటాల చట్రాలు, దీపం చుట్టూ పెట్టుకునే జాలీలు, పిల్లలు ముక్కలు కలుపుకొనే బొమ్మలు... అన్నీ ఇలా పుట్టేవే. మన అక్షరాలకైతే ఈ రంపం మరీ బాగా కుదురుతుంది. అన్నీ వంపులే కదా!

ఉద్యోగ విరమణ చేసినవారు, రోజంతా కంప్యూటర్‌ ముందు కూర్చుని విసిగినవారు, ఇంజినీరింగ్‌ చదివే పిల్లలు ఈ సరదాలో పడుతున్నారు. చేసినదాన్ని ఫొటో తీసి స్నేహితులకు పంపిస్తారు. నమూనాలు ఇచ్చిపుచ్చుకుంటారు. గృహప్రవేశానికి కొన్న కానుక బదులు చేత్తో చేసినది పట్టుకెళ్తారు. ముచ్చటైన విషయమే. కానీ ఆ ఫొటోల్లో ఎప్పుడూ కనిపించనిది ఒకటుంది. అదే దుమ్ము. ఆరోగ్యం పేజీలో రంపం గురించి మాట్లాడుకోవాల్సి రావటానికి కారణం ఇదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ వ్యాపకం మంచిది, కుదిరితే మొదలుపెట్టండి. దుమ్ముకు దారి చూపించకుండా మాత్రం స్విచ్చి వేయకండి.

ఇది వైద్యులు మెచ్చిన పనే

సన్నరంపంతో చెక్కలో నగిషీ కోయటం కొత్త సరదా కాదు. ఇంగ్లండ్‌లోని డెరమ్‌ అనే చిన్న ఊరి నుంచి 1895లోనే ‘హాబీస్‌’ పేరుతో ఒక వారపత్రిక మొదలైంది. అందులో వచ్చే నమూనాలను చూసుకుని లెక్కలేనంత మంది ఇళ్లలో కూర్చుని చెక్కలు కోశారు. అక్కడి నుంచి ఈ రంపం ఆసుపత్రిలోకీ వచ్చింది. సైకిల్‌లా తొక్కితే ఆడే రంపాన్ని ఆక్యుపేషనల్‌ థెరపీ విభాగాల్లో చాలాకాలం వాడారు. దెబ్బతిన్న మోకాలికి, బలం తగ్గిన తొడ కండరాలకు వ్యాయామం కావాలి. ఊరికే తొక్కమంటే రోగికి విసుగు పుడుతుంది. అదే తొక్కుతూ ఓ బొమ్మ కోయమంటే? కాలికి వ్యాయామం జరుగుతుంది, చేతిలో బొమ్మ మిగులుతుంది. ఇదే ఆలోచన మీద నిలబడ్డ వైద్యవిద్యను మన దేశంలో 1950లో ముంబయి కేఈఎం ఆసుపత్రిలో కమలా నింబ్కర్‌ ప్రారంభించారు.

ఈ పనిలో కన్ను గీత మీద ఉండాలి, రెండు చేతులూ కలిసి కదలాలి, మనసు మరోచోటికి పోకూడదు. పోతే బ్లేడు గీత దాటేస్తుంది. కాసేపు ఫోను జోలికి పోకుండా కూర్చోబెట్టే పనులు ఈ రోజుల్లో ఎన్ని ఉన్నాయి? పైగా పని పూర్తయ్యాక చూసుకోవటానికి, ఎవరికైనా ఇవ్వటానికి ఒక వస్తువు ఉంటుంది. ‘ఇంకా నాతో ఏదో అవుతుంది’ అన్న ధైర్యం రిటైరైనవారికి చాలా అవసరం.

వ్యాపకాల మేలు గురించి అధ్యయనాలూ ఉన్నాయి. 65 ఏళ్లు దాటిన 93,263 మందిని 16 దేశాల్లో పరిశీలించిన అధ్యయనం 2023లో ‘నేచర్‌ మెడిసిన్‌’లో వచ్చింది. ఏదో ఒక వ్యాపకం ఉన్నవారిలో కుంగుబాటు లక్షణాలు తక్కువగా, జీవితం పట్ల సంతృప్తి ఎక్కువగా కనిపించాయి. ఇందులో మన దేశం లేదు. వ్యాపకం వల్లే ఆరోగ్యం బాగుందని ఇలాంటి పరిశీలనతో తేల్చి చెప్పటమూ కుదరదు. ఆరోగ్యంగా ఉన్నవారే వ్యాపకాలు పెట్టుకుని ఉండొచ్చు. అయినా ఇన్ని దేశాల్లో ఒకే తీరు కనిపించిందంటే పట్టించుకోవాల్సిందే.

పొట్టు కనిపిస్తుంది, దుమ్ము కనిపించదు

ఇక రెండో వైపు చూద్దాం. రంపపు పొట్టు బల్ల కింద రాలి పడుతుంది. దాన్ని చూసి ‘ఇంతేగా, ఊడ్చేస్తే పోతుంది’ అనుకుంటాం. చిక్కు దానితో కాదు, రాలిపడని దానితో. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. చెక్క దుమ్ములో 10 మైక్రాన్ల కంటే సన్నని రేణువులు ముక్కును దాటి శ్వాసమార్గాల్లోకి వెళ్తాయి. 2.5 మైక్రాన్ల లోపువి ఊపిరితిత్తుల అడుగున ఉండే గాలి గదుల దాకా చేరగలవు. ఇవి రంపం ఆపాక కూడా గంటల తరబడి గాలిలో తేలుతూనే ఉంటాయి.

స్క్రోల్‌ సాతో ఇంకో తంటా ఉంది. గీత కనిపించటానికి ఈ యంత్రాల్లో ఒక చిన్న గొట్టం పెడతారు. అది బ్లేడు దగ్గర గాలి ఊది దుమ్మును పక్కకు తోలేస్తుంది. గీత శుభ్రంగా కనిపిస్తుంది, నిజమే. ఆ దుమ్ము మాత్రం గదిలోకి ఎగురుతుంది. మీ ముఖం బ్లేడుకు జానెడు, మూరెడు దూరంలోనే ఉంటుంది. బ్లేడు పళ్లు సన్ననివి కాబట్టి దుమ్మూ సన్ననిదే. కోశాక శాండ్‌ పేపర్‌తో, అందులోనూ మిషన్‌తో, నున్నగా రుద్దటం మొదలుపెడితే మరీ ఎక్కువ.

ఈ దుమ్ముతో ఏమవుతుంది? ముక్కు కారటం, తుమ్ములు, గొంతులో గరగర, కళ్ల మంట మామూలే. ఉబ్బసం ఉన్నవారికి అది ఎగదోస్తుంది. రోజ్‌వుడ్‌ జాతి చెక్కలు, టేకు కొందరి చర్మానికి పడవు, దద్దురూ దురదా వస్తాయి. చౌకగా దొరుకుతుందని చాలామంది వాడే ఎండీఎఫ్‌ పలకలో చెక్కపీచుతోపాటు, ఎక్కువగా ఫార్మాల్డిహైడ్‌ కలిసిన జిగురు ఉంటుంది. అది కోసినప్పుడు వచ్చే దుమ్ము పిండిలా ఉంటుంది.

అన్నింటికంటే పెద్ద మాట క్యాన్సర్‌. ఇంగ్లండ్‌లోని హై వికోంబ్‌ కుర్చీల తయారీకి పేరున్న పట్టణం. 1960ల్లో అక్కడి చెవి ముక్కు గొంతు వైద్యురాలు ఎస్మే హాడ్‌ఫీల్డ్‌ ఒక విషయం గమనించారు. ముక్కు లోపల వచ్చే ఒక అరుదైన క్యాన్సర్‌ ఫర్నిచర్‌ పనివాళ్లలో అసాధారణంగా ఎక్కువగా కనిపిస్తోంది. డొనాల్డ్‌ ఆచిసన్‌ తదితరులతో కలిసి ఆమె చేసిన పరిశోధన 1968లో ‘బ్రిటిష్‌ మెడికల్‌ జర్నల్‌’లో వచ్చింది. ఆ తర్వాత మరెన్నో ఆధారాలు పోగయ్యాయి. 1995లో అంతర్జాతీయ క్యాన్సర్‌ పరిశోధన సంస్థ చెక్క దుమ్మును మనుషుల్లో క్యాన్సర్‌ కలిగించే మొదటి తరగతి కారకాల జాబితాలో చేర్చింది.

కంగారు పడకండి. ఆ పనివాళ్లు రోజూ ఎనిమిది, పది గంటల చొప్పున ఏళ్ల తరబడి, ఓక్‌, బీచ్‌ లాంటి గట్టి చెక్కల దుమ్ములో గడిపినవారు. ఆదివారం రెండు గంటలు బొమ్మలు కోసుకునే మీకు అంత ముప్పు ఉండదు. అయితే వారి దుమ్ము కార్ఖానాలో ఉండేది. మీది బాల్కనీలోనో పడగ్గదిలోనో లేస్తుంది. దాన్ని మీతోపాటు మీ మనవరాలూ, ఉబ్బసమున్న మీ ఆవిడా పీలుస్తారు. వ్యాపకం మీదే, దుమ్ము మాత్రం ఇంటిల్లిపాదిదీ.

‘వడ్రంగులకు ఏమైంది?’ అంటారా

ఈ మాట తప్పకుండా వస్తుంది. ‘మా ఊరి వడ్రంగి జీవితమంతా మాస్కు లేకుండానే చేశాడు, ఎనభై ఏళ్లు బతికాడు’ అంటారు. బతికి ఉండొచ్చు. బీడీలు కాల్చి తొంభై ఏళ్లు బతికినవారూ ఉన్నారు. అంతమాత్రాన బీడీ మంచిదైపోదు. ముక్కు క్యాన్సర్‌ దుమ్ము పీల్చిన కొన్ని దశాబ్దాలకు గానీ బయటపడదు. అప్పటికి దానికీ ఆ పనికీ ముడిపెట్టేవారే ఉండరు. ఆ వడ్రంగి దగ్గు ఎవరు రాసిపెట్టారు కనుక?

ఇంకో తేడా ఉంది. ఆయన చెట్టు కిందో వసారాలోనో కూర్చుని, బాడిసతో చెక్కాడు, చేతిరంపంతో కోశాడు, చిత్రిక పట్టాడు. వాటితో వచ్చేవి పేళ్లు, చుట్టలు, ముతక పొట్టు. ఇప్పటివి కరెంటు మిషన్లు, మూసిన గదులు, ఎండీఎఫ్‌ పలకలు. పోలికే లేదు.

ఏం చేయాలంటే...

వరస ముఖ్యం. ముందు దుమ్మును పుట్టినచోటే పట్టాలి, తర్వాత గదిలోంచి పంపాలి, చివరిది మాస్కు. చాలామంది చివరిదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు.

• యంత్రానికి దుమ్ము లాగే గొట్టం బిగించే చోటు ఉంటే వ్యాక్యూమ్‌ క్లీనర్‌ తగిలించండి. సన్నని దుమ్మును ఆపే హెపా ఫిల్టరు ఉన్నదైతే మంచిది. మామూలు సంచీ ఉన్నది ముందు లాగి వెనక నుంచి గదిలోకే వదులుతుంది.

• పని బాల్కనీలోనో డాబా మీదో పెట్టుకోండి. ఇంట్లోకి వెళ్లే తలుపు మూసేయండి. గాలి మీ వెనక నుంచి వచ్చి బయటికి పోయేలా కూర్చోండి. ఆరేసిన బట్టలు, పక్కింటి కిటికీ ఎటున్నాయో చూసుకోండి.

• ఎన్‌95 మాస్కు ముఖానికి అంటుకుని ఉండాలి. గుడ్డ మాస్కు, సర్జికల్‌ మాస్కు పక్కల నుంచి దుమ్మును రానిస్తాయి. గడ్డం గుబురుగా ఉంటే ఎన్‌95 కూడా సరిగా అతకదు. రంపం ఆపగానే తీసేయకండి. ఊడ్చటం పూర్తయ్యేదాకా ఉంచుకోండి.

• పొడి చీపురుతో ఊడ్చొద్దు, బ్లోయర్‌తో ఊదొద్దు. తడిగుడ్డతో తుడవండి. పని బట్టలతో పిల్లల్ని ఎత్తుకోవద్దు.

• కళ్లద్దాలు తప్పనిసరి. సన్నని బ్లేడు పుటుక్కున తెగుతుంది. వేళ్లను బ్లేడుకు ఎదురుగా పెట్టకండి. కండువా, చున్నీ, వదులు చేతుల చొక్కా వద్దు. మగత తెప్పించే మందులు వేసుకున్న రోజు యంత్రం జోలికి పోవద్దు. మధుమేహంతో వేళ్లలో స్పర్శ తగ్గినవారు ముందు డాక్టరుతో మాట్లాడండి.

• బల్ల మోచేతి ఎత్తులో ఉండాలి. అరగంటకోసారి లేచి మెడ, భుజాలు కదిలించండి. దూరంగా ఉన్నదాన్ని చూస్తూ కళ్లకు విశ్రాంతినివ్వండి.

• మెరుగుకు అవిసె నూనె పూస్తే, ఆ గుడ్డను ఉండచుట్టి మూలన పడేయొద్దు. దానంతటదే వేడెక్కి అంటుకోవచ్చు. బయట విడిగా పరిచి ఆరనివ్వండి.

ఇవన్నీ కుదరవంటే విల్లులాంటి చట్రానికి సన్నని బ్లేడు బిగించిన చేతిరంపం ఉంది. పని నెమ్మదిగా సాగుతుంది. గాలిలోకి లేచే దుమ్ము మాత్రం చాలా తక్కువ. మొదటిసారి నేర్చుకునేవారికి, పిల్లలకు నా ఓటు దీనికే.

ఈ పని మొదలుపెట్టాక దగ్గో ఆయాసమో వచ్చి, నాలుగు రోజులు మానేస్తే తగ్గి, మళ్లీ కూర్చుంటే వస్తోందా? ఆ మాట డాక్టరుకు చెప్పండి. ముక్కు ఒకవైపే మూసుకుపోవటం, ఒకవైపు నుంచే రక్తం రావటం మానకపోతే ఈఎన్‌టీ నిపుణులను కలవండి. డాక్టర్లకూ ఓ మనవి. ‘ఏం ఉద్యోగం చేస్తారు?’ అని అడిగాక ‘ఖాళీగా ఉన్నప్పుడు ఏం చేస్తుంటారు?’ అనీ అడగండి. జవాబు ఆ రెండో ప్రశ్నలో ఉండొచ్చు.

దుమ్ము లెక్క కూడా పంచుకోండి

కొండపల్లిలో రంపపు పొట్టును చింతగింజల పిండితో కలిపి, బొమ్మల భాగాలు అతికే ముద్దగా వాడతారు. పొట్టు కూడా వారి పని లెక్కలోనిదే. మన సరదా పనివారికీ ఆ లెక్క రావాలి. ఈసారి బొమ్మ ఫొటో పంపేటప్పుడు దుమ్ము ఎక్కడికి పంపారో చూపించే ఫొటో ఒకటి జత చేయండి. నమూనా అడిగిన కుర్రాడికి, కాగితంతోపాటు ఏ మాస్కు వాడుతున్నారో, గొట్టం ఎలా తగిలించారో చెప్పండి. పెద్దవారు చూపించినదే కొత్తవారు నేర్చుకుంటారు.

చివరిగా ఒక్క మాట. మీకిది సరదా. మీ అపార్టుమెంటులో ఎవరిదో ఇంటీరియర్‌ పని జరుగుతుంటే ఓసారి తొంగిచూడండి. కిటికీలు మూసిన గదిలో, ఎండీఎఫ్‌ దుమ్ము మంచులా కమ్ముకుని ఉండగా, మూతికి చుట్టుకున్న తువ్వాలే మాస్కుగా పొద్దున్నించి రాత్రిదాకా కోస్తూ కనిపిస్తారు వడ్రంగులు. హై వికోంబ్‌ పనివాళ్ల ముప్పు మీకంటే వారికి దగ్గర. లక్షలు పెట్టి అల్మారాలు చేయించుకునే ఇంట్లో మాస్కులు, దుమ్ము లాగే యంత్రం అద్దె ఎంతని! ఒప్పందం కాగితంలో ఆ ఖర్చు మన వంతుగా రాసుకుంటే పోయేదేమీ లేదు.

రంపం పట్టినవారికి దుమ్ము సంగతి తెలుస్తుంది. తెలిసినవారు మాస్కులు కొనేటప్పుడు వారికీ కలిపి కొనాలి.