స్టాఫ్‌రూమ్‌లో చీరల సంచి

"అసలు సిసలు పెడన కలంకారీ అక్కా, 1,800 రూపాయలే!" అంటూ మా చెల్లెలు చీర విప్పి చూపించింది. తను గుడివాడలో టీచరు. లంచ్ టైములో ఒకతను సంచితో స్టాఫ్‌రూమ్‌కి వచ్చాడట. హెడ్‌మిస్ట్రెస్ గారు ఒకటి తీసుకునేసరికి మిగతావాళ్ళూ తలా ఒకటి తీసుకున్నారు. బిల్లు మాత్రం ఒక్కరూ అడగలేదు.

మాది బందరు. కలంకారీ చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. అనుమానం వచ్చి పెడనలో అచ్చులద్దే పెద్దాయనకి చూపిస్తే, "ఇది స్క్రీన్ ప్రింటమ్మా" అనేశారు.

అసలుదానికి ఎంత చాకిరీ! గుడ్డని కరక్కాయ, పాలు కలిపి తడిపి ఆరబెట్టాలి. తుప్పు ఇనుము, బెల్లం ఊరబెడితే నలుపు. పటిక అద్దిన చోట ఎరుపు పట్టుకుంటుంది. టేకు అచ్చులతో అద్ది, ఉడకబెట్టి, పారే నీళ్ళలో ఉతకాలి. ఆ పేరుకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ పేరు దొంగిలిస్తే పోయేది మా చెల్లెలి డబ్బొక్కటే కాదు, ఆ చేతుల కూలి కూడా.

స్క్రీన్ ప్రింట్ కట్టుకోవడం తప్పని నేననను. మా చిలకలపూడి నగల్ని రోల్డ్‌గోల్డ్ అని చెప్పే అమ్ముతారు, తెలిసే కొంటాం. అందులో మోసమేముంది? పేరు మార్చి అమ్మితేనే అది నకిలీ.

అలాగని అందర్నీ గేటు దగ్గరే ఆపేద్దామా? మా చెల్లెలి స్కూల్లో అదే చేశారు. దివిసీమ నుంచి మూటతో వచ్చి, ఏళ్ళ తరబడి నమ్మకంగా జాకెట్టు గుడ్డలిస్తున్న ఆవిడ కూడా, పాపం, ఉత్త చేతులతో వెనక్కి పోయింది. ఒకడు చేసిన పనికి ఆవిడకా శిక్ష?

దానికంటే స్టాఫ్‌రూమ్‌లో ఒక నోటుపుస్తకం పెట్టుకుంటే చాలు. అమ్మేవాళ్ళ పేరు, ఊరు, ఫోన్ నంబరు రాయించాలి. బిల్లు మీద 'చేతి అద్దకం' అనో 'స్క్రీన్ ప్రింట్' అనో స్పష్టంగా ఉండాలి. చిన్న వ్యాపారి తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టినా మనకో ఆధారం. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతే. లోపమున్న వస్తువుని బిల్లులో గడువు లేకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవాలి. కాదంటే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. కానీ అమ్మినవాడి పేరే తెలియకపోతే ఎవరి మీద చేస్తాం?

మన ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టామంటే, అతని తరఫున పక్కవాళ్ళకి మనం హామీ ఇచ్చినట్టే. ఆ సంగతి మరిచిపోతే ఎలా?

పోరగా పోరగా మా చెల్లెలు పుస్తకం పెట్టించింది. అందులో మొదటి పేరు ఎవరిదనుకున్నారు? ఆ జాకెట్టు గుడ్డల ఆవిడదే!