కలకత్తా పోయేవారు కంపెనీ తోట చూసి రావాలి

కాశీ, గయ యాత్ర ముగించుకుని కలకత్తా మీదుగా తిరిగివచ్చే గోదావరి జిల్లాల యాత్రికులు అక్కడ ఒకటి రెండు రోజులు ఆగడం మామూలే. కాళీఘాట్, దక్షిణేశ్వరం, బేలూరు మఠం, హౌరా వంతెన చుట్టబెట్టి, చీరలు కొనుక్కుని బండి ఎక్కుతారు. హౌరా పక్కనే, శిబ్‌పూర్‌లో, హుగ్లీ నది ఒడ్డున 273 ఎకరాల తోట ఒకటి ఉన్నదని వారికి చెప్పేవారు తక్కువ. చెప్పినా, 'చెట్లు చూడటానికి అంతదూరం పోవాలా, ఊళ్ళో లేవా' అని నవ్వేస్తారు. ఆ మాటా కొట్టిపారేయదగ్గది కాదు. అయితే ఆ తోటను ఇరవై ఏళ్ళు నడిపిన మనిషి చెట్ల చదువు చదివింది సామర్లకోటలోనని తెలిస్తే, ఈ జిల్లావాసి అంత తేలిగ్గా నవ్వలేడు.

తోటకు పేర్లు చాలా మారాయి. ఈస్టిండియా కంపెనీ వేసింది కనుక స్థానికులు కంపెనీ బగాన్ అన్నారు. 2009 నుంచి ఆచార్య జగదీశ్ చంద్రబోస్ పేరు పెట్టారు. 1787లో దీన్ని నెలకొల్పినవాడు రాబర్ట్ కిడ్ అనే సైనికాధికారి. పూల సొగసు కోసం వేసిన తోట కాదిది. 1770 నాటి బెంగాలు కరువులో జనం లక్షల సంఖ్యలో చనిపోయారు. వానలు తప్పినా మనిషిని బతికించగల సగ్గుబియ్యపు చెట్టు, ఖర్జూరం వంటివి తెచ్చి పెంచాలని కిడ్ 1786లో కంపెనీకి రాశాడు. ఓడలకు టేకు, వ్యాపారానికి సుగంధ ద్రవ్యాలు అనే లెక్కలూ ఆ ప్రతిపాదనలో ఉన్నాయి. కంపెనీవారు ధర్మప్రభువులేమీ కారు. కానీ తోట పుట్టుకకు ఆకలి ఒక కారణమన్నది మాత్రం నిజం.

ఇక సామర్లకోట సంగతి. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1776లో మద్రాసు వచ్చి, 1781లో సామర్లకోటలో ఉద్యోగానికి చేరాడు. వైద్యం కంటే మొక్కల మీదనే ధ్యాస ఎక్కువ. కొండల్లో మిరియపు తీగ కనిపిస్తే సామర్లకోటలో మిరియాల తోట వేయించాడు. కాఫీ, నీలిమందు, పట్టుపురుగులకు మల్బరీ - అన్నీ ప్రయత్నించి చూశాడు. 1787లో కోరంగి తీరాన్ని ముంచెత్తిన ఉప్పెనలో ఆయన పుస్తకాలు, కాగితాలు, ఎండబెట్టి దాచిన మొక్కలు కొట్టుకుపోయాయి. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. 1793లో కలకత్తా తోటకు అధికారిగా వెళ్ళి 1813 వరకు అక్కడే పనిచేశాడు.

ఇక్కడి మొక్కల గురించి ఆయన రాసిన గ్రంథం 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయింది. అందులో 300 బొమ్మలున్నాయి. అన్నిటికంటే గమనించవలసింది, ప్రతి మొక్కకూ లాటిన్ పేరుతోపాటు వీలైనంతవరకు 'తెలింగల' పేరు, అంటే తెలుగు పేరు రాశాడు. మోదుగ, బిల్లు, చిల్లగింజ, తాడి - పల్లెవాళ్ళు ఏమని పిలిచేవారో, దేనికి వాడుకునేవారో అడిగి రాసుకున్నాడు. కుండ లోపలి గోడకు చిల్లగింజ అరగదీసి ఏటి బురదనీళ్ళు పోస్తే మడ్డి అడుగుకు దిగి నీళ్ళు తేటపడతాయన్నది ఇక్కడి అమ్మమ్మలకు తెలిసిన విద్యే. అది లండన్ పుస్తకానికి ఎక్కింది. జ్వరానికి పెరూ దేశపు సింకోనా బెరడుకు బదులు సోమిద చెట్టు బెరడు వాడవచ్చునని ఆయన రాశాడు. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ చెట్టు జాతికే సోమిద అని పేరు స్థిరపరిచారు. ఇప్పుడు బ్రెజిల్ శాస్త్రజ్ఞుడైనా, రష్యావాడైనా ఆ చెట్టును తెలుగు పేరుతోనే పిలవాలి.

ఆ పేర్లు చెప్పిన రైతులెవరో, అడవిలో దారి చూపినవారెవరో గ్రంథంలో లేదు. మొక్కల బొమ్మలు గీసిన చిత్రకారులు ఈ దేశపువారే. వారి పేర్లూ లేవు. రాక్స్‌బర్గ్ గీయించిన రెండువేల అయిదువందలకు పైగా బొమ్మలు కలకత్తా తోటలో భద్రంగా ఉన్నాయి, గీసిన చేతుల ఊసు మాత్రం లేదు. ఇది అన్యాయమే. ఆ అన్యాయాన్ని ఇప్పుడు దిద్దలేకపోయినా, ఆ పేర్లు పుట్టిన ఊళ్ళవాళ్ళు వెళ్ళి ఒకసారి చూడటంలో తప్పేమీ లేదు.

తోటకు వెళ్ళినవారు సాధారణంగా మర్రిచెట్టు దగ్గరకు నడిచి, ఫొటో తీసుకుని వెనక్కు వస్తారు. చూడదగ్గ చెట్టే. వయసు 250 ఏళ్ళకు పైమాట. నాలుగెకరాలకు మించి పరుచుకుని వేలాది ఊడలమీద నిలబడి ఉంది. దానికి అసలు మాను లేదు. బూజు తెగులు పట్టిందని 1925లో తొలగించారు. (కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దీనికంటే పెద్దదని 1989లో గిన్నిస్ పుస్తకమే ఒప్పుకుంది. ఆ మాట కలకత్తావాళ్ళకు చెప్పి గొడవ పడనక్కరలేదు.) 2020 మే నెలలో వచ్చిన ఆంఫన్ తుపానుకు తోటలో వందలాది చెట్లు కూలాయి, ఈ మర్రికీ దెబ్బ తగిలింది. అయినా నిలిచింది. కోనసీమలో తుపానుల తరువాత పడిపోయిన కొబ్బరితోట చూసినవారికి ఈ దృశ్యం విడమరచి చెప్పనక్కరలేదు.

మర్రి దగ్గరే ఆగిపోకుండా, చెట్లకు కట్టిన పేరుపలకలు చదవాలి. హైస్కూలు పిల్లవాడెవరైనా వెంట ఉంటే ఇంగ్లీషు అక్షరాలు చదివిపెడతాడు. లాటిన్ పేరు చివర 'రాక్స్‌బ్.' అని పొట్టిగా ఉంటే, ఆ పేరు పెట్టింది రాక్స్‌బర్గ్ అని అర్థం. బీడీ ఆకు ఇచ్చే తునికి శాస్త్రనామం చివర ఆ గుర్తే, మద్దెలలకు పనికొచ్చే వేగిస పేరు చివరా ఆ గుర్తే. రంపచోడవరం సంతకు వచ్చే మనిషికి ఆ రెండు చెట్లూ కొత్తవి కావు.

అసలు బాధ ఇక్కడ ఉంది. రాక్స్‌బర్గ్ అడిగి రాసుకున్న పేర్లలో ఎన్నిటిని ఇప్పటి పిల్లలు చెప్పగలరు? చిల్లగింజ చెట్టు చూపించమంటే పెద్దవాళ్ళే తడుముకుంటున్నారు. 1790 ప్రాంతంలో ఉత్తర సర్కారుల్లో వచ్చిన ఘోర కరువును కళ్ళారా చూసిన ఆయన, మరోసారి జనం అలా చావకుండా కొబ్బరి, తాడి, పనస, సీమపనస, అరటి వంటి తిండిచెట్లు విరివిగా నాటించాలని రాశాడు. ఆ జాబితా పాతబడిందా? 1950లో మొదలైన వనమహోత్సవం ఏటా జరుగుతూనే ఉంది. గుంటలు తవ్వుతారు, నేతలు నీళ్ళు పోస్తారు. నాటేవి ఏ చెట్లో గ్రామస్థులను అడిగేది అరుదు. త్వరగా పెరిగే జామాయిల్, సుబాబుల్ ఎవరికో కలపగానూ కాగితపు గుజ్జుగానూ పోతాయి. గట్లమీది తాళ్ళు ఇటుకబట్టీలకు పోతున్నాయి. రైతు జామాయిల్ వేసుకోవడం అతని బాధ, అతని లెక్క, తప్పుపట్టలేము. పంచాయతీ స్థలంలో, చెరువుగట్టున, బడి ఆవరణలో ఏది నాటాలన్నది మాత్రం ఊరంతా కలిసి తేల్చుకోవలసిన విషయం. గ్రామసభలో ఆ జాబితా చదివి వినిపించాలని పట్టుబట్టే హక్కు ఊరివాళ్ళకు ఉంది. హైస్కూళ్ళు తమ చుట్టుపక్కల ఉన్న చెట్ల తెలుగు పేర్లను ముసలివాళ్ళనడిగి రాయించి గోడకు అంటించడానికి పైసా నిధులు అవసరం లేదు.

కలకత్తా వెళ్ళే విహారయాత్రల బస్సులు, యాత్రా సంఘాలవారు ఈ తోటకు ఒక పూట కేటాయించాలి. గంటలో చూసివచ్చేది కాదు, చాలా నడవాలి. మోకాళ్ళనొప్పులవారు మర్రి దగ్గర కూర్చోవచ్చు. చలికాలమైతే మేలు. హౌరా స్టేషన్ నుంచి బస్సులున్నాయి. దక్షిణాది నుంచి వెళ్ళే కొన్ని రైళ్ళు షాలిమార్ స్టేషన్ వరకే పోతాయి, అక్కడికి తోట మరీ దగ్గర. తాగడానికి నీళ్ళు వెంట తీసుకువెళ్ళడం మంచిది. సోమిద, తునికి, వేగిస - ఈ మూడు పేర్లు బయలుదేరేముందే పిల్లల నోట్‌బుక్కులో రాయించి పెట్టుకుంటే, పలకల దగ్గర వెతుక్కోవడం తేలికవుతుంది.