కనుమ దారిలో సైకిలు యాత్ర

విహారయాత్ర అనగానే బస్సు కుదుర్చుకొనుట, దిగినచోట ఫోటో తీయించుకొనుట, రాత్రికి ఇల్లు చేరుట మనకు వాడుకయైనది. ఈమారు మహబూబ్ ఘాట్ మీదుగా సైకిళ్లపై పోవలెనని నా మనవి.

మన ప్రాంతము చదునైనది. మంజీరపై 1923–1931 నడుమ కట్టిన నిజాంసాగర్ నీరు కాలువల వెంట తనంతట తాను బోధన్ చెరకు తోటల దాకా పారుటయే సాక్ష్యము. ఇట్టి నేలపై సైకిలు తొక్కినవానికి తన బలముపై లేనిపోని నమ్మకము కలుగును.

ఆర్మూరు, బాల్కొండ, సోన్ వద్ద గోదావరి, ఆపై నిర్మల్. మొదటినాటి ఈ 70 కిలోమీటర్ల పైచిలుకు దారి శ్రమయే గాని పరీక్ష కాదు. పరీక్ష రెండవనాడు. నిర్మల్ దాటిన పిదప నేరెడిగొండ వైపు పాత 7వ నంబరు జాతీయ రహదారి మెలికలు తిరుగుచు కొండ ఎక్కును. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ పేరిట వెలసిన ఘాటు ఇదియే. లెక్క చూడుడు: మనిషి, సైకిలు, మూట కలిసి 80 కిలోలనుకొందము. 100 మీటర్లకు 5 మీటర్లు లేచు దారిలో 4 కిలోల బరువు ఎడతెగక వెనుకకు లాగును. గేర్లు లేని సైకిలుపై ఆ భారమంతయు మోకాళ్లదే. అట్టిచోట దిగి నడిపించుకొని పోవుట న్యాయము. దానిని నామోషీగా తలచి, పందెములు కట్టి, సగము దారిలో కూలబడు యువకులకు హిమ్మత్ ఉన్నదని నేననను.

నిజమునకు ఎక్కుటకన్న దిగుటయే ప్రమాదము. ఎక్కి కూడబెట్టిన శక్తి దిగునపుడు బ్రేకుల వద్ద వేడిగా మారును. కనుక మలుపునకు ముందే వేగము తగ్గింపవలెను; నడుమ నడుమ ఆగి రిమ్ములను చల్లారనీయవలెను.

నిజాంసాగర్ పనులు మొదలైన 1923లోనే బొంబాయి నుండి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్లపై భూప్రదక్షిణమునకు బయలుదేరిరి. 1928లో యాత్ర ముగించినవారు ఆదీ హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భూమ్‌గారా. తక్కిన ముగ్గురిని ఎవరును తలపరు. నా దృష్టిలో వారును యాత్రికులే. మన జట్టులోను కొందరు నిర్మల్ నుండియే మరలవచ్చును, వారిని పరిహసింపరాదు.

ఆడపిల్లల మాటేమని పెద్దలు అడుగుదురు. మన జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేండ్ల ప్రాయమున, ఎవరెస్టు ఎక్కినది. తోడుగా అధ్యాపికలు వచ్చినచో ఘాటు రోడ్డుకు అభ్యంతరమేమి? ఇక సైకిలు పేదవాని బండి యను చిన్నచూపు మన తరగతులలోనే ఉన్నది. మోటారు సైకిలు లేదని తల దించుకొను విద్యార్థి ఆ రెండవనాడు అందరికన్న ముందుండవచ్చును.

ఎండ ముదరని డిసెంబరు సెలవులు ఇందుకు అనువైనవి. తెల్లవారకముందే బయలుదేరవలెను, అందరికన్న నెమ్మదిగా తొక్కువాని వేగమే జట్టు వేగము కావలెను. పాలక సంఘము వారు ఒక గాలి పంపు, నాలుగు ట్యూబులు, పంక్చరు సామాను, ప్రథమ చికిత్స పెట్టె మంజూరు చేసిన చాలును. రొట్టెలు ఇంటినుండి తెచ్చుకొందురు.