గుర్తు మెరిసిన చాలదు, నిజము తెలుపవలెను



పల్నాటి నల్లరేగడిలో మిరపకు ముడత వచ్చినదనిన ఇంటిల్లిపాదికి నిద్ర ఉండదు. ఆకు దోనెవలె పైకి ముడుచుకొన్నచో తామర పురుగును, అంచులు క్రిందికి ముడుచుకొన్నచో తెల్లనల్లిని అనుమానింపవలెను. ఆకులు చిన్నవై, మొక్క గిడసబారినచో తెల్లదోమ మోసికొని వచ్చు జెమిని వైరస్ కావచ్చును. పురుగు మందు నల్లికి పనిచేయక పోవచ్చును. వైరస్ సోకిన మొక్కను బాగుచేయు మందు అసలే లేదు. 2021-22 పంటకాలములో నల్ల తామర పురుగు పూతపై విరుచుకుపడినప్పుడు, కారణము తెలియక మందుపై మందు కొట్టి చేతులు కాల్చుకొన్నవారిని మనము చూచియే యున్నాము.

ఆ అనుభవము వలననే కాబోలు, చదువుకొన్న రైతు ఒకరు ఇటీవల నన్నిట్లడిగినారు: “ఆకులో వైరస్ ఎక్కడ దాగినదో రంగులలో చూపే పరీక్ష ఉన్నదట గదండీ, దానిని మన నరసరావుపేటలో పెట్టించరాదా?” ప్రశ్న మంచిది. దీనికి నా అభిప్రాయము చెప్పుటకు ముందు ఆ పరీక్ష ఎట్టిదో తెలియవలెను.

దాని పేరు ఇన్ సిటు హైబ్రిడైజేషన్. అనగా జన్యుపదార్థమును ఉన్నచోటనే గుర్తుపట్టుట. డి.ఎన్.ఎ. రెండు పురుల తాడువంటిది. ఒక పురికి సరియైన జోడు పురి మాత్రమే దానితో పెనవేసికొనును. మనము వెదకు వైరస్‌కు జోడైన చిన్న పురిముక్కను తయారుచేసి, దానికొక గుర్తు తగిలించి, పలుచగా కోసిన ఆకుముక్కపై వేయుదురు. వైరస్ ఉన్నచోట ఆ ముక్క అంటుకొనును. లేనిచోట కడుగగా పోవును. మిగిలిన గుర్తును సూక్ష్మదర్శినిలో చూతురు.

కిటుకంతయు ఆ గుర్తును ఎంచుకొనుటలో ఉన్నది. 1969లో అమెరికాలో జోసెఫ్ గాల్, మేరీ లూ పార్డ్యూ అను శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని వెల్లడించినప్పుడు రేడియోధార్మిక గుర్తును వాడిరి. అది నమ్మకమైనదే గాని, ఫలితము కొరకు పలకలను చీకటిలో వారములు, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి ఉంచవలెను. వ్యర్థమును పారవేయుటకు కట్టుదిట్టములు కావలెను. అంతలో పైరు కోతకు వచ్చును.

1981లో బయోటిన్ అను విటమిన్‌ను గుర్తుగా తగిలించు మార్గము వచ్చినది. అపాయము తగ్గినది. కాని బయోటిన్ మొక్కలలో సహజముగనే ఉన్నది. తెల్లయెద్దుల మందలో మన ఎద్దుకు సున్నపుబొట్టు పెట్టినచో ఏమి ప్రయోజనము? అందుచే తరువాత డిజాక్సిజెనిన్ వాడుకలోకి వచ్చినది. ఇది డిజిటాలిస్ అను మొక్కలనుండి లభించు పదార్థము. మిరపలోగాని, ప్రత్తిలోగాని ఉండదు గనుక పొరపాటు తక్కువ. దానిని పట్టుకొను ప్రతిరక్షకమునకు ఒక ఎంజైమును జతచేసినచో, వైరస్ ఉన్నచోట నీలి ఊదారంగు ఏర్పడును. మామూలు సూక్ష్మదర్శినితోనే చూడవచ్చును. పలక చాలకాలము నిలుచును.

ఇక మెరిసెడి గుర్తులు. ఇవి చూచుటకు ముచ్చటగా నుండును. రెండు రంగులలో రెండు వస్తువులను ఒకేసారి చూపును. తెల్లదోమ కడుపులో వైరస్ ఎచ్చట ఉన్నది, దానితో సహజీవనము చేయు బాక్టీరియా ఎచ్చట ఉన్నవి అని తెలిసికొనుటకు ఇదే తగినది. కాని ఆకులోని పత్రహరితము, కాడలోని లిగ్నిన్ తమంతట తామే మెరయును. మిణుగురులు నిండిన తోటలో దీపమును వెదకినట్లగును. పరికరము ఖరీదైనది. మెరుపు కూడ వెలుతురు తగిలినకొలది వెలిసిపోవును.

కావున నా అభిప్రాయమిది: మొదట ప్రశ్న ఏదో తేల్చుకొని, పిమ్మట గుర్తును ఎంచుకొనవలెను. ఆకులో వైరస్ ఏ కణములలో ఉన్నదని తెలియవలెనన్న డిజాక్సిజెనిన్ చాలును. పురుగు కడుపులో రెంటిని కలిపి చూడవలెనన్న మెరిసెడి గుర్తు. ఇవి పరిశోధనా కేంద్రముల పనులు. “నా చేలో వైరస్ ఉన్నదా, లేదా?” అనునదే రైతు ప్రశ్న. దానికి ఆకును నూరి చేయు పి.సి.ఆర్. పరీక్ష చాలును. ఎక్కడ ఉన్నదో అది చెప్పదు. మీకు అది అక్కరయు లేదు. తామర పురుగా, నల్లియా అని తేల్చుటకు భూతద్దమే చాలును. అది గ్రామ గ్రామమున ఉండవలెనని నేను కోరుదును గాని, మెరుపుల సూక్ష్మదర్శినిని నరసరావుపేటకు తెండని కోరను.

ఏ పద్ధతియైనను ఒక షరతు మాత్రము తప్పదు. ఆరోగ్యమైన మొక్క ఆకును కూడ పక్కన పెట్టి పరీక్షింపవలెను. దానిలోను రంగు కనబడినచో ఆ పరీక్ష చెల్లదు. ఉద్యోగములో చేరిన కొత్తలో నేనే ఈ తప్పు చేసితిని. గురజాల వైపునుండి తెచ్చిన ముడతాకులను తడిగా పాలిథీన్ సంచిలో కుక్కి, మంచి ఆకు లేకుండ పంపితిని. అవి దారిలోనే కుళ్లినవి. జవాబు రాలేదు. ఆ రైతు పది రోజులు వేచి, అంగడివాడు ఇచ్చిన మందు కొట్టెను. ఆ ఖర్చు నా నిర్లక్ష్యపు ఖర్చు.

కావున నమూనా పంపునప్పుడు తెగులు మొక్క లేతాకులు, అదే చేలోని మంచి మొక్క ఆకులు వేరువేరు కాగితపు సంచులలో పెట్టుడు. గ్రామము, రకము, నాటిన తేది, కొట్టిన మందులు వ్రాయుడు. ఎండ తగలనీయక ఆనాడే రైతు సేవా కేంద్రమునకు చేర్చుడు. మంచి ఆకు లేని నమూనా సాక్షి లేని తగవువంటిది. ఎంత గొప్ప యంత్రమైనను దానికి తీర్పు చెప్పజాలదు.