కేబీఆర్ పార్కు: మొక్క నాటే రోజు జనం ఫుల్.. నీళ్లు పోసే రోజు ఎవరు?

జులై వచ్చిందంటే ఫోన్ తెరిస్తే చాలు, అవే వీడియోలు. ఒకే రంగు టీషర్టులు, చేతిలో మొక్క, వెనక బ్యానర్, పక్కన ఒక పెద్దాయన చేతిలో గునపం. క్లిక్ మనిపించారు, అయిపోయింది. ఆ మొక్క ఏప్రిల్ నెలాఖరులో ఎలా ఉంది? అది మాత్రం ఏ రీల్‌లోనూ కనిపించదు. ఇందులో మా లాంటి వెబ్ డెస్కుల తప్పు కూడా ఉంది. మొక్క నాటే వీడియోకి వ్యూస్ వస్తాయి. క్యాన్‌తో నీళ్లు పోసే వీడియో ఎవరు చూస్తారులే అని మేమే పక్కన పెట్టేస్తాం.

హైదరాబాద్‌లో పార్కుల కోసం, చెరువుల కోసం జీతం లేకుండా పనిచేసేవాళ్లు తక్కువేం లేరు. పండగ పండగకీ, సీజన్ సీజన్‌కీ ఏదో ఒక కార్యక్రమం పెడుతూనే ఉంటారు. మరి దానివల్ల పార్కుకి నిజంగా ఏం ఒరుగుతోంది? వాళ్ల మాటకు ఎంత విలువ ఉంది? ఈ రెండు ప్రశ్నలకీ జవాబు వెతకాలంటే కేబీఆర్ పార్కుని మించిన ఉదాహరణ లేదు.

సిటీ మధ్యలో అడవి

జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ మధ్య 350 ఎకరాలకు పైగా ఉన్న ఈ అడవిని 1998లో నేషనల్ పార్కుగా ప్రకటించారు. మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టారు. నిజాం వారసుల చిరాన్ ప్యాలెస్ ఉన్నది కూడా దీని లోపలే. నెమళ్లు, కౌజులు, ఉడుములు, పాములు, బండరాళ్ల మధ్య సీతాఫలం చెట్లు.. చుట్టూ నాలుగువైపులా సిగ్నళ్లు, హారన్లు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. నేషనల్ పార్కు అంటే మామూలు మున్సిపల్ పార్కు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. లోపల మనకి నచ్చిన మొక్క తెచ్చి నాటేయడం, ఎండు కట్టెలు ఏరుకోవడం, పొయ్యి పెట్టడం ఏదీ కుదరదు. నెమళ్లకి గింజలు వేయడం కూడా మంచిది కాదు. అంటే ఇక్కడ వలంటీర్ ఏం చేయాలన్నా అటవీశాఖతో కలిసే చేయాలి. "పార్కు మాది, మా ఇష్టం" అంటే నడవదు.

అందుకే చేతనైన పనులు వేరేగా ఉంటాయి. ప్లాస్టిక్ ఏరడం, లాంటానా లాంటి పిచ్చి పొదలు తీయడంలో సాయం, పక్షుల లెక్క, పిల్లలకి నేచర్ వాక్. ఈ లాంటానా సంగతి కూడా మొదట అనుకున్నంత సింపుల్ కాదు. అది మన నేలది కాదు, పక్కనున్న దేన్నీ బతకనివ్వదు, తీసేయాల్సిందే. కానీ దాని పూల మీద సీతాకోకచిలుకలు తేనె కోసం వాలుతుంటాయి. వాటి కోసం వేరే పూలమొక్కలు పెరిగేదాకా ఆగకుండా ఒక్కరోజు డ్రైవ్ పెట్టి మొత్తం పీకేస్తే, ఆ సీజన్‌కి సీతాకోకచిలుకల వాక్‌లో చూపించడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఉత్సాహం ఒక్కటే సరిపోదు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ కనిపించదు.

పండగల క్యాలెండరే పార్కు క్యాలెండర్

మనవాళ్లకి ప్రకృతితో పండగ చేసుకోవడం కొత్త కాదు. అసలు సమస్య కూడా అక్కడే మొదలవుతుంది.

సంక్రాంతి తీసుకోండి. సింథటిక్ మాంజాని ఎన్జీటీ 2017లోనే దేశమంతా నిషేధించింది. అయినా జనవరిలో పతంగులు ఎగురుతూనే ఉంటాయి, నైలాన్ దారం దొరుకుతూనే ఉంటుంది. పండగ మూడు రోజుల్లో అయిపోతుంది. చెట్ల కొమ్మలకి చిక్కిన దారం మాత్రం నెలల తరబడి అక్కడే ఉండి పక్షుల రెక్కల్ని కోస్తుంది. పొడవాటి కర్రకి కొక్కెం కట్టి ఆ దారాన్ని లాగే పని సంక్రాంతి తర్వాతి ఆదివారాల్లో వలంటీర్లది. ఎవరూ ఫొటో తీయని పని. పార్కుకి బాగా పనికొచ్చే పని కూడా ఇదే.

కార్తీకంలో వనభోజనాలు. ఉసిరి చెట్టు కింద భోజనం చాలా మంచి ఆచారం, ఎవరూ కాదనరు. కానీ ఇప్పుడు ఉసిరి చెట్టు కిందకి మోదుగ విస్తరాకు రావడం లేదు, లోపల ప్లాస్టిక్ పూత ఉన్న పేపర్ ప్లేట్ వస్తోంది. పైగా నవంబర్‌లో గడ్డి ఎండటం మొదలవుతుంది. అప్పుడు ఆరకుండా వదిలేసిన పొయ్యి ఎంత పని చేస్తుందో చెప్పక్కర్లేదు. నేషనల్ పార్కులో ఇది కుదరదు కాబట్టి జనం సిటీ చుట్టుపక్కల అర్బన్ పార్కులకి వెళ్తారు. అక్కడ గేటు దగ్గర నిలబడి "ప్లాస్టిక్ లోపలికి వద్దండీ" అని చెప్పే కుర్రాళ్లకి ఎదురయ్యే చూపులు ఎలా ఉంటాయో మీరే ఊహించుకోండి.

పాలపిట్ట దర్శనం.. ఎవరికి పుణ్యం?

ఇక దసరా. ఈ ఒక్కదాని దగ్గర కాసేపు ఆగాలి.

దసరా రోజు పాలపిట్టని చూస్తే మంచి జరుగుతుందని నమ్మకం. తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా అదే. ఒకప్పుడు జమ్మి చెట్టు దగ్గరికి ఊరి బయటికి వెళ్లేవాళ్లు, పొలం గట్టు మీదో, కరెంటు తీగ మీదో పిట్ట కనిపించేది. ఇప్పుడు సిటీలో పొలమేదీ, గట్టేదీ? అందుకని కొందరు వాటిని పట్టి, పంజరంలో పెట్టి గుళ్ల దగ్గరికి, కాలనీల్లోకి తెస్తారు. డబ్బులిచ్చి దర్శనం చేసుకోవాలి. ఎగిరిపోకుండా రెక్కలు కట్టేస్తారు, కొన్నిసార్లు జిగురు రాస్తారు. నీళ్లు, తిండి లేక చాలా పిట్టలు చచ్చిపోతాయి. వన్యప్రాణి చట్టం ప్రకారం పట్టడం, పంజరంలో పెట్టడం నేరం. దసరాకి అటు ఇటు అటవీశాఖ, జంతు సంరక్షణ వలంటీర్లు తిరిగి వీటిని పట్టుకుని, కోలుకున్నాక వదులుతుంటారు.

మనం డబ్బులిచ్చి దండం పెట్టే ఈ పిట్ట పరిస్థితి ఏంటో తెలుసా? 2023లో వచ్చిన "స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్" నివేదిక ప్రకారం గత 12 ఏళ్లలో దేశంలో పాలపిట్టల సంఖ్య సుమారు 30 శాతం తగ్గింది. అంతర్జాతీయ రెడ్ లిస్టులో దీని స్థాయిని మళ్లీ పరిశీలించాలని కూడా అందులో సిఫార్సు చేశారు. పొలాల తీరు మారడం, పురుగులు తగ్గడం, ఖాళీ గడ్డి నేలలు పోవడం.. ఇలా కారణాలు చాలానే ఉండొచ్చు. పంజరాలు వాటికి అదనం.

అందుకే కొన్నేళ్లుగా దసరా ఉదయం పంజరం బదులు బైనాక్యులర్ పట్టుకుని పిట్టని చూడటానికి రమ్మని పక్షి ప్రేమికులు పిలుస్తున్నారు. ఆచారం వద్దని ఎవరూ అనడం లేదు. చూడాల్సిన చోట చూద్దాం అంటున్నారు. నా లెక్కలో ఇది తెలివైన పని. వద్దు అని బోర్డు పెడితే జనం వినరు. బదులుగా ఒకటి చూపిస్తే వస్తారు.

లెక్క రాసుకోవడమే అసలు బలం

పైన చెప్పిన ఆ నివేదిక ఎలా తయారైందో చూస్తే అసలు విషయం అర్థమవుతుంది. దేశమంతటా 30 వేల మంది పక్షి వీక్షకులు ఈ-బర్డ్‌లో పెట్టిన 3 కోట్ల వివరాల ఆధారంగా 942 జాతుల పరిస్థితిని లెక్కగట్టారు. వాళ్లలో ఎక్కువమంది సైంటిస్టులు కాదు. బ్యాంకు ఉద్యోగులు, గృహిణులు, కాలేజీ పిల్లలు.

ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అలాంటిదే. 1998లో అమెరికాలో మొదలైంది, 2013 నుంచి మన దేశంలోనూ జరుగుతోంది. కనీసం 15 నిమిషాలు ఒకచోట నిలబడి కనిపించిన పక్షులు రాసి అప్‌లోడ్ చేస్తే చాలు. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ బర్డింగ్ పాల్స్, డెక్కన్ బర్డర్స్, డబ్ల్యూడబ్ల్యూఎఫ్-ఇండియా కలిసి హైదరాబాద్ బర్డ్ అట్లాస్ కూడా మొదలుపెట్టాయి. సిటీని చిన్న చిన్న గడులుగా విడగొట్టి ఎక్కడ ఏ పిట్ట ఉందో లెక్క రాసే పని. డెక్కన్ బర్డర్స్ కొత్తగా వచ్చిందేం కాదు. ఆంధ్రప్రదేశ్ బర్డ్‌వాచర్స్ సొసైటీ పేరుతో 1980లో మొదలైన సంస్థే ఇది.

ఈ లెక్కలు ఎందుకు పనికొస్తాయి అని అడిగేవాళ్లకి కంచ గచ్చిబౌలి గుర్తుండే ఉంటుంది. 2025 ఏప్రిల్ 3న ఆ 400 ఎకరాల్లో చెట్ల నరికివేతని సుప్రీంకోర్టు ఆపేసింది. అప్పుడు సోషల్ మీడియాలో అసలు వీడియోలతో పాటు ఏఐతో చేసినవి కూడా తిరిగాయి. పెద్ద గొడవే అయింది. ఏది నిజం, ఏది ఫేక్ అన్న గందరగోళంలో గట్టిగా నిలబడింది మాత్రం విద్యార్థులు, పక్షి ప్రేమికులు ఏళ్ల తరబడి రాసుకున్న జాబితాలు. అక్కడ 200కు పైగా పక్షి జాతులు ఉన్నాయని చెప్పడానికి అవే దిక్కయ్యాయి. వైరల్ వీడియో రెండు రోజులు ఉంటుంది. తేదీ, టైమ్, చోటు రాసిన జాబితా ఫైల్లో ఉంటుంది.

పనికి పిలుస్తారు.. మాటకి పిలవరు

మళ్లీ కేబీఆర్‌కి వద్దాం. 2016లో పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు తీసేస్తామన్నప్పుడు వాకర్లు, విద్యార్థులు, పర్యావరణ కార్యకర్తలు ప్లకార్డులతో రోడ్డెక్కారు. విషయం ఎన్జీటీ దాకా వెళ్లింది, చెట్ల నరికివేతకి అప్పట్లో బ్రేక్ పడింది. తర్వాత 2020 అక్టోబర్‌లో పార్కు చుట్టూ ఎకో సెన్సిటివ్ జోన్‌ని ఖరారు చేస్తూ కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ముసాయిదాలో 25 నుంచి 35 మీటర్లు అన్నది, ఫైనల్‌కి వచ్చేసరికి 3 నుంచి 29.8 మీటర్లు అయింది. 3 మీటర్లంటే ఎంతో తెలుసా? ఒక కారు పొడవు కూడా కాదు.

2024లో హెచ్-సిటీ ప్రాజెక్టు కింద పార్కు చుట్టూ ఉన్న ఆరు జంక్షన్లలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల కోసం ప్రభుత్వం 826 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మళ్లీ అదే చర్చ, అవే ప్లకార్డులు.

ట్రాఫిక్ సమస్య అబద్ధం కాదు. సాయంత్రం ఆరింటికి ఆ జంక్షన్లలో ఇరుక్కున్న ఆఫీసు ఉద్యోగిని, ఆటో డ్రైవర్ని అడిగితే ఫ్లైఓవర్ కావాలనే అంటారు. "ఇది జూబ్లీహిల్స్ వాళ్ల వాకింగ్ ట్రాక్ గొడవ" అనే విమర్శ కూడా ఉంది. అందులో కాస్త నిజం లేకపోలేదు. ఆదివారం నేచర్ వాక్‌కి వచ్చేవాళ్లలో కారు ఉన్నవాళ్లే ఎక్కువ. వారమంతా లోపల తిరిగే వాచర్లు, దినకూలీ మీద పనిచేసే ఆడవాళ్ల గురించి ఏ బ్యానర్ మీదా ఉండదు. ఎండాకాలం గుంతల్లో నీళ్లు నింపేది, మంట అంటుకుంటే ముందు పరిగెత్తేది వాళ్లే.

అయినా అడగాల్సిన ప్రశ్న మిగిలే ఉంది. మొక్కలు నాటడానికి, చెత్త ఏరడానికి, పక్షులు లెక్కపెట్టడానికి జనం కావాలి. అదే పార్కు అంచున ఏం కట్టాలో నిర్ణయించేటప్పుడు మాత్రం ఆ జనం ఎందుకు గుర్తుకురారు? వాళ్లు రాసిన లెక్కలు డీపీఆర్‌లో ఒక పేజీ అయినా ఎందుకు కావు?

జులై కాదు, మే నెల చూడండి

మన దగ్గర వనమహోత్సవం 1950లో కె.ఎం. మున్షీ మొదలుపెట్టినప్పటి నుంచీ జులైలోనే జరుగుతోంది. తెలంగాణలో 2015 నుంచి హరితహారం పేరుతో కోట్ల మొక్కలు నాటారు. ఇప్పుడు మళ్లీ వనమహోత్సవం అంటున్నారు. పేర్లు మారాయి, నెల మారలేదు. తొందరగా పచ్చగా కనిపిస్తుందని డివైడర్ల మీద కోనోకార్పస్ నాటడం, తర్వాత వద్దని ఆపేయడం కూడా మనం చూశాం.

వానాకాలంలో నాటిన మొక్క మొదటి ఎండాకాలం దాటితేనే చెట్టయ్యే ఛాన్స్. మార్చి నుంచి మే దాకా పాదు చేసి, ఎండుటాకులు కప్పి, వారానికి ఒకసారైనా నీళ్లు పోయాలి. కాబట్టి ఈసారి మీ కాలనీ వాట్సాప్ గ్రూపులో మొక్కలు నాటే కార్యక్రమం పోస్టర్ వస్తే, ఎన్ని మొక్కలు అని అడగకండి. పోయినేడు నాటినవాటిలో ఎన్ని బతికాయి, మే నెలలో నీళ్ల డ్యూటీ ఎవరెవరిది అని అడగండి. జవాబు వస్తే వెళ్లండి. రాకపోతే ఆ డ్యూటీ లిస్టులో మొదటి పేరు మీది రాయించుకుని వెళ్లండి. దసరాకి పంజరంలో పాలపిట్ట కనిపిస్తే మాత్రం డబ్బులిచ్చి కొని వదిలేయకండి, దానివల్ల మరో పిట్టని పట్టుకొస్తారు. చోటు, టైమ్ నోట్ చేసుకుని అటవీశాఖకి ఫోన్ చేయండి.