పేరుకే ఇంధనం



సంక్రాంతి సెలవుల్లో మేము నలుగురం ఒక మిత్రుని కంప్యూటర్లో 'ఫ్యూయల్' అనే రేసు ఆట ఆడాం. ఫ్రాన్సులోని అసోబో స్టూడియో తయారుచేసిన ఈ ఆట 2009లో విడుదలైంది. మట్టిదారుల్లో, కొండల్లో మోటారు సైకిళ్ళు, ట్రక్కులు తోలాలి. అందులోని నేల 14,400 చదరపు కిలోమీటర్లు! అప్పట్లో గిన్నిస్ రికార్డు కూడా దక్కింది. మన ఉమ్మడి నల్లగొండ జిల్లా దాదాపు అంతే ఉంటుంది.

మొదట నోరు తెరుచుకుని చూశాం. సుడిగాలులు, ఇసుక తుఫానులు, ఉరుములు... అబ్బో అనుకున్నాం. గంట గడిచేసరికి విసుగొచ్చింది. ఎంత దూరం పోయినా అవే గుట్టలు, అవే చెట్లు. బండి లోయలో పడినా మరుక్షణం మళ్ళీ దారి మీదే ఉంటుంది. ఇంకో వింత చూడండి. ఆట పేరు ఇంధనం, గెలిస్తే ఇచ్చేదీ ఇంధనమే. కానీ బండిలో మాత్రం అది ఎప్పటికీ అయిపోదు!

మాలో ఇద్దరి నాన్నలు ఆటో నడుపుతారు. లీటరు పోయించాలన్నా జేబు తడుముకుంటారు. మధ్యలో ఆగితే నెట్టుకుంటూ వస్తారు. ఆ లెక్క, ఆ భయం లేనిచోట గెలుపుకు రుచి ఎక్కడిది?

ఆటలు వద్దని మేము అనడం లేదు. ఆర్భాటం చూసి గొప్పదని నమ్మవద్దంటున్నాం. రేపు పదో తరగతి కాగానే కాలేజీల రంగురంగుల కరపత్రాలు మన చేతికొస్తాయి. అప్పుడూ ఇదే ప్రశ్న వేద్దాం: లోపల ఏముంది?